బెజవాడ ఎండల్లో లీక్స్: చవితి వెళ్ళాక విత్తనం, శివరాత్రికి కోత

మొదటి ఏడాది నేను లీక్స్ అనే ఉల్లి జాతి కూర విత్తనం చల్లింది సంక్రాంతి అయ్యాక. పండగ హడావుడి తగ్గింది, చేతిలో ప్యాకెట్ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. మార్చికి అవి అగ్గిపుల్లంత లావయ్యాయి, ఏప్రిల్‌లో కొసల నుంచి ఎండుకుంటూ వచ్చాయి, నీళ్ళు చాలట్లేదేమోనని పొద్దునా సాయంత్రం పోస్తే మిగిలిన సగం మొదలు కుళ్ళి పోయాయి. మే నెల ఎండ వాటికి చూపించే అవసరమే రాలేదు. విజయవాడ, గుంటూరు లాంటి చోట ఈ పంటలో కష్టమంతా ఎరువుల్లోనూ మందుల్లోనూ లేదు, క్యాలెండర్‌లో ఉంది. తేదీలు సరిగ్గా పడితే మిగతాదంతా ఉల్లినారు నాటిన చేతికి వచ్చే పనే.

లీక్స్ అంటే ఉల్లికాడలు కావు. రెండూ ఒకే కుటుంబం, అంతే. ఉల్లికాడ ఆకు గుండ్రంగా, లోపల బోలుగా గొట్టంలా ఉంటుంది. లీక్ ఆకు పట్టీలా బల్లపరుపుగా ఉండి మధ్యలో మడత పడుతుంది, ఆకులన్నీ విసనకర్రలా రెండు పక్కలకే విచ్చుకుంటాయి. కింద గడ్డ ఊరదు. ఊరుతుందేమోనని తవ్వి చూసుకోకండి, నేను చూశాను. మనం తినేది ఆకుల మొదళ్ళు ఒకదాన్నొకటి చుట్టుకుని తయారైన తెల్లటి కాడని. ఆ తెలుపు కూడా దానంతట అది రాదు, ఎండ తగలకుండా మట్టితో కప్పితేనే వస్తుంది. కప్పకపోతే కాడ పచ్చగా, కాస్త గట్టిగా ఉంటుంది, తినొచ్చు గానీ లీక్స్ వేసిన సరదా మాత్రం తీరదు.

దీనికి ఇష్టమైన వాతావరణం 13 నుంచి 24 డిగ్రీల మధ్య. ఇది చదివి మన ఊరివాళ్ళు నవ్వుకుంటారని తెలుసు. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో మనకీ రాత్రిళ్ళు 20 లోపుకి దిగుతుంది, పగలు 30 దగ్గర ఆగుతుంది, లీక్స్‌కి ఆ మాత్రం చాలు. వీడియోల్లో కనిపించే చేతి మణికట్టంత లావు లీక్స్ మన పెరట్లో రావు, వాటికి అయిదారు నెలల చల్లదనం కావాలి. బొటనవేలంత లావు, బాగా కుదిరితే రెండు వేళ్ళంత లావు వస్తాయి. ఆ సైజుకి మనసు సర్దుకుంటే ఈ పంటలో టెన్షన్ లేదు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. సెప్టెంబరు రెండో వారం నుంచి నెలాఖరులోపు విత్తనం. నవంబరు మధ్యలో, అంటే కార్తీక మాసంలో, నాట్లు. ఫిబ్రవరి నుంచి కోత మొదలై, చలి శివశివా అంటూ వెళ్ళిపోయే శివరాత్రికి సగం పైన వంటింట్లోకి చేరాలి. అక్టోబరు పది దాటాక విత్తనం వేసేటట్టయితే ఆ ఏడాదికి వదిలేసి ఆ మడిలో కొత్తిమీరో పాలకూరో చల్లుకోవడం మంచిది.

రకం విషయంలో తొందరగా చేతికొచ్చేవే తీసుకోవాలి. కింగ్ రిచర్డ్ అనే రకం నాటిన 75 రోజుల నుంచి కోతకు వస్తుంది, సన్నగా పొడుగ్గా పెరుగుతుంది, మనకి అదే నయం. ఇక్కడ తేలిగ్గా దొరికేది అమెరికన్ ఫ్లాగ్, అది మరో నెల ఎక్కువ తీసుకుంటుంది గానీ సెప్టెంబరులో వేస్తే సరిపోతుంది. చలిదేశాల్లో శీతాకాలమంతా మంచులో నిలబెట్టే రకాలుంటాయి, ప్యాకెట్ మీద బొమ్మ ఎంత బావున్నా వాటి జోలికి పోకండి.

విత్తనం కొనేటప్పుడు బొమ్మ కంటే ముందు తేదీ చూడండి. ఉల్లి జాతి విత్తనాలకి ఆయుష్షు తక్కువ, ఏడాది దాటితే మొలక శాతం పడిపోతుంది, మన వేడికీ ఉక్కకీ ఇంకా తొందరగా పాడవుతాయి. మిగిలినవి దాచాలంటే గాలి చొరని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒక గ్రాములోనే మూడు నాలుగు వందల గింజలుంటాయి కాబట్టి చిన్న ప్యాకెట్ ఒక ఇంటికి ఎక్కువే. ఇంకో మాట, ఒకసారి ఒక కొట్లో లీక్స్ అని ఇచ్చిన ప్యాకెట్ నుంచి నిఖార్సైన ఉల్లినారు వచ్చింది. గింజలు రెండూ నల్లగా కోణాలు తేలి ఒకేలా ఉంటాయి, మొలక కూడా ఒకేలా వంగి లేస్తుంది, నాలుగైదు ఆకులొచ్చి అవి గొట్టాల్లా కనిపించేదాకా నాకు అనుమానమే రాలేదు. అప్పటికి సీజన్ దాటిపోయింది. ఉల్లి తిన్నాం, ఏం చేస్తాం.

నారు దగ్గర మాత్రం నిదానంగా చదవండి, పంట పోయేది ఎక్కువగా ఇక్కడే. సెప్టెంబరులో మన దగ్గర రెండు గండాలు: ఒకటి వాన ఆగిన రోజు కాసే చురుకైన ఎండ, రెండోది ఉన్నట్టుండి కుమ్మరించే వాన. అందుకని నారు నేల మీద పోయొద్దు. నాలుగైదు అంగుళాల లోతున్న ట్రే, పాత ప్లాస్టిక్ టబ్బు, స్వీటు డబ్బా, ఏదైనా సరే, అడుగున చిల్లులు పెట్టి వరండాలోనో మెట్ల కిందో వెలుతురు తగిలే చోట పెట్టండి. సగం కొబ్బరి పొట్టు, సగం జల్లించిన వర్మీకంపోస్టు, గుప్పెడు ఇసుక కలిపితే చాలు. కొబ్బరి పొట్టు ఇటుకని నానబెట్టాక ఒకటికి రెండుసార్లు కడిగి పిండండి, అందులో ఉప్పు మిగిలి ఉండొచ్చు.

గింజల్ని అర అంగుళం లోతులో, వేలితో గీసిన గీతల్లో పల్చగా వేసి పైన మట్టి కప్పి, చేత్తో మెల్లగా అదిమి, చిలకరించాలి. మొలక వచ్చేవరకు పైన తడి గోనెపట్టా కప్పి ఉంచుతాను, రోజూ సాయంత్రం ఎత్తి చూస్తాను. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో సన్నటి పచ్చ దారాలు హెయిర్‌పిన్‌లా మధ్యలో మడత పడి కనిపిస్తాయి. కనిపించిన రోజే గోనెపట్టా తీసెయ్యాలి, ఒక్కరోజు ఆలస్యమైనా పాలిపోయి సాగుతాయి. మట్టి మరీ వేడెక్కితే లీక్స్ గింజ మొలవడానికి మొరాయిస్తుంది, కాబట్టి డాబా మీద రేకుల కింద మాత్రం పెట్టకండి, అక్కడ వేడి కింద నేల కంటే ఎక్కువ.

మొలిచాక పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు, తర్వాత నీడ. దసరా దాటాక ఎండ సమయం పెంచుకుంటూ పోవాలి. నీళ్ళు తక్కువే, పైమట్టి ఆరినప్పుడే. తడి ఎక్కువైతే నారుకుళ్ళు వచ్చి మొదలు దగ్గర నొక్కుకుపోయి పడిపోతాయి, పడిన నారు లేవదు, దాని చుట్టుపక్కల ఉన్నవాటిని కాపాడుకోవడానికి ఆ గుత్తి మొత్తం మట్టితో సహా తీసెయ్యాలి. ఆకులు పొడుగై వాలిపోతుంటే కత్తెరతో కొసలు కత్తిరించి నాలుగైదు అంగుళాలు ఉంచండి, నష్టం లేదు, ఆ కత్తిరించినవి ఆమ్లెట్‌లో వేసుకోవచ్చు. నెల తర్వాత పల్చటి ఎరువునీళ్ళు వారానికోసారి. ఎనిమిది వారాలకి నారు పెన్సిల్ లావుకి రావాలి. మన దగ్గర తరచుగా పెన్సిల్ కంటే కాస్త సన్నగానే ఉంటుంది, కొబ్బరి ఈనె కంటే లావుంటే నాటెయ్యండి, పెన్సిల్ కోసం డిసెంబరు దాకా ఆగొద్దు.

ఇక నేల. నాది విజయవాడ పక్కన పోరంకి, ఒండ్రు మట్టి, పెద్దగా బాధ పెట్టలేదు. మా అక్క వాళ్ళది గుంటూరులో గోరంట్ల వైపు, అచ్చమైన నల్లరేగడి. తడిస్తే జిగురు, ఆరితే బీటలు. ఆ బీటల్లో లీక్స్ వేళ్ళు తెగిపోతాయి, పైగా అవి లోతుకి పోయే వేళ్ళు కావు. అక్క మొదటి ఏడాది నేరుగా నేలలో వేసి పోగొట్టుకుని, రెండో ఏడాది ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు మడి కట్టింది. అందులో రెండొంతులు ఆ నల్లమట్టే, ఒక వంతు ఇసుక, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం ఊక. నా పంట కంటే ఆమెదే బాగా వచ్చిందని ఒప్పుకోవాలి. నల్లమట్టిలో సత్తువ ఉంది, దానికి నీరు దిగే దారి చూపించాలి, అంతే.

మడి అక్టోబరు చివరికే సిద్ధం చేసుకోండి. చదరపు గజానికి రెండు బొచ్చెల మాగిన ఎరువు, రెండు గుప్పిళ్ళ వేపపిండి వేసి అడుగు లోతు తవ్వి కలిపెయ్యాలి. పచ్చిపేడ వద్దు. తుంగ గడ్డలు ఉంటే ఒక్కొక్కటి ఏరి పారెయ్యండి, విసుగు పుట్టినా సరే, ఎందుకంటే లీక్స్ ఆకు నిలువుగా సన్నగా ఉండి నేలకి నీడ పడనివ్వదు, కలుపు మొత్తం దాని మొదట్లోనే మొలుస్తుంది. కిందటేడు ఉల్లి, వెల్లుల్లి వేసిన చోట వెయ్యొద్దు. చిక్కుడో అలసందో తీసేసిన మడి దొరికితే అంతకంటే కావలసింది లేదు.

నాటే పద్ధతి వింతగా ఉంటుంది, మొదటిసారి నాకే నమ్మకం కుదరలేదు. ముందురోజు సాయంత్రం మడి తడిపి ఉంచుకోవాలి. ఒక కర్రతో, నా దగ్గరైతే విరిగిన పార కామ ముక్క ఉంది, ఆరంగుళాల లోతు గుంట నిలువుగా పొడవాలి. మొక్కకీ మొక్కకీ ఆరంగుళాలు, సాలుకీ సాలుకీ అడుగు పైన దూరం. ఒక్కో గుంటలో ఒక్కో మొక్కని జారవిడిచి, వేళ్ళు అడుగుకి తగిలేట్టు చూసి, ఇక మట్టితో పూడ్చకుండా వదిలెయ్యాలి. అవును, పూడ్చకూడదు. చెంబుతో నీళ్ళు పోస్తే ఆ నీళ్ళతో కొంచెం మట్టి దిగి వేళ్ళని పట్టుకుంటుంది, మిగతా గుంట ఖాళీగానే ఉండాలి. మొక్క కొసలు రెండు మూడు అంగుళాలే పైకి కనిపిస్తాయి. తర్వాత నీళ్ళు పోసేకొద్దీ, కాడ లావయ్యేకొద్దీ గుంట దానంతటదే నిండుతుంది. ఇలా నాటితే కాడ మొదటి నుంచే చీకట్లో ఉంటుంది, ఆరంగుళాల తెలుపు పైసా ఖర్చు లేకుండా వచ్చినట్టే. మరీ పొడుగు వేళ్ళు గుంటలో మడత పడుతుంటే కొంచెం కత్తిరించొచ్చు, మొత్తం గొరిగెయ్యక్కర్లేదు.

సాయంత్రం నాలుగు తర్వాత నాటండి. వారం రోజులు మొక్కలు వడలి, చచ్చినట్టు పడి ఉంటాయి, కంగారుపడి పీకెయ్యకండి. మధ్యలోంచి కొత్త ఆకు లేచిందంటే బతికినట్టే.

నవంబరు, డిసెంబరు అంటే మనకి తుపానుల కాలం కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నా మడి మీద మూడు వారాల మొక్కలున్నాయి. నేనేమో అతి తెలివితో ముందే మట్టి ఎగదోసి ఉంచాను. వానకి బోదెలు జారిపోయి, బురద ఆకుల సందుల్లోకి దిగి, మడిలో రెండు రోజులు నీళ్ళు నిలిచి, పన్నెండు మొక్కలు లోపలి నుంచి కుళ్ళాయి. అప్పటి నుంచి నాట్లకి ముందే మడి చుట్టూ జానెడు కాలువ తీసి ఒక మూల నుంచి నీళ్ళు బయటికి పోయే దారి పెడుతున్నాను, తుపాను కబురు వింటే మట్టి ఎగదోయడం వాయిదా వేస్తున్నాను. వాన వెలిశాక మడిలో కాలు పెట్టకుండా మట్టి పదునుకు వచ్చేదాకా ఆగి, అప్పుడు పైపైన గుల్ల చేస్తే వేళ్ళకి గాలి ఆడుతుంది.

మట్టి ఎగదోయడం డిసెంబరు మధ్య నుంచి మొదలుపెట్టొచ్చు. కాడ వేలంత లావయ్యాక, పొడి మట్టిని రెండు పక్కల నుంచి రెండంగుళాలు పైకి లాగాలి, రెండు వారాలకోసారి, మొత్తం మూడు నాలుగు సార్లు. ఆకులు విడిపోయే చోటు ఉంటుంది కదా, మట్టి ఎప్పుడూ దానికి అంగుళం కిందే ఆగాలి. దాటితే ప్రతి పొరలోకీ ఇసుక చేరుతుంది, తర్వాత పంటి కింద తగిలి మీరే తిట్టుకుంటారు. మట్టి చాలని వాళ్ళు వరిగడ్డి దట్టంగా కప్పొచ్చు, లేదా పాత పీవీసీ పైపుని ఆరంగుళాల ముక్కలు కోసి మొక్కకి తొడగొచ్చు. రెండు మూడు పొరల న్యూస్‌పేపరు చుట్టి దారం కట్టినా పనవుతుంది గానీ మంచుకి తడిసి వారానికే చీకిపోతుంది, లోపల నత్తలు కాపురం పెడతాయి.

కుండీల వాళ్ళకి ఇదే పని ఇంకా తేలిక. అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు గ్రోబ్యాగ్ తీసుకుని సగమే మట్టి నింపండి, సంచి అంచు కిందికి మడవండి, నాలుగైదు మొక్కలు నాటండి. మొక్క పెరిగేకొద్దీ మట్టి పోస్తూ అంచు పైకి లేపుతూ పొండి. డాబా గచ్చు వేడికి సంచి తగలకుండా కింద రెండు ఇటుకలు పెట్టాలి, జనవరి దాటాక మధ్యాహ్నం పూట గ్రీన్ నెట్ నీడ ఉండాలి.

నీళ్ళు నేలలో రెండు రోజులకోసారి, సంచుల్లో రోజూ, పొద్దునే. మట్టి పూర్తిగా ఎండి మళ్ళీ తడవడం దీనికి నచ్చదు, కాడ పీచు పడుతుంది. తిండి బాగానే అడుగుతుంది, ముఖ్యంగా నత్రజని. వంద గ్రాముల వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలిన పిండి) లీటరు నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, దానికి పది రెట్లు నీళ్ళు కలిపి పదిహేను రోజులకోసారి మొదళ్ళలో పోస్తాను. కంపు మామూలుగా ఉండదు, పక్కింటివాళ్ళు బట్టలు ఆరేసిన రోజు పోయకండి. జీవామృతం చేసుకునేవాళ్ళకి అదే చాలు.

పురుగుల్లో అసలు శత్రువు తామర పురుగు. గుంటూరులో ఆ పేరు చెబితే 2021లో మిర్చి తోటల్ని ఊడ్చేసిన నల్ల తామర పురుగే గుర్తుకొస్తుంది, ఉల్లి జాతి మీద ఎక్కువగా పడేది దాని చుట్టం, ఉల్లి తామర పురుగు. ఆకుల మీద వెండి గీతలు పడితే అది వచ్చినట్టు. ఆకుల మడత విప్పి చూడండి, కంటికి ఆననంత సన్నగా పచ్చగా కదులుతుంటాయి. చలి తగ్గి గాలి పొడిబారేకొద్దీ ఎక్కువవుతాయి. మొదట గొట్టంతో నీళ్ళు గట్టిగా ఆ మడతల్లోకి కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట, వారానికోసారి మూడు సార్లు. నీలం రంగు జిగురు అట్టలు కూడా పెట్టొచ్చు. మంచు ఎక్కువ కురిసే రోజుల్లో ఆకుల మీద ఊదారంగు మచ్చలు వలయాలుగా వస్తాయి. పొలాల్లో ఉల్లికి మాంకోజెబ్ అనే తెగులు మందు కొడతారు, ఇంటి కూర కోసం నేను కొట్టను, మచ్చలున్న ఆకులు కోసి దూరంగా పారేసి, నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదట్లో పోస్తే చాలావరకు ఆగింది.

జనవరి చివర్లో ఒకటి తీసి చూడండి. బొటనవేలంత లావుంటే కోత మొదలైనట్టే, అన్నీ ఒకేసారి తీయక్కర్లేదు, లావువి ముందు తీస్తే పక్కవాటికి చోటు దొరుకుతుంది. ఆకు పట్టుకుని లాగితే కాడ మధ్యలో పుటుక్కున తెగుతుంది, వేళ్ళు మట్టిని అంత గట్టిగా పట్టుకుంటాయి. చిన్న గునపం పక్క నుంచి దించి అడుగు నుంచి లేపాలి. పైకి తీయకుండా వేళ్ళకి అంగుళం పైన కోసుకుంటే ఆ మొదలు మళ్ళీ సన్నగా చిగురిస్తుంది, ఫిబ్రవరి మధ్యలోపు అయితే ఆ చిగురు కూడా ఒక పూట కూరకి వస్తుంది. విత్తనం మాత్రం కట్టుకోలేం, ఇది పువ్వు వెయ్యడానికి ఒక విడత గట్టి చలి తగలాలి, మన ఊళ్ళో అంత చలి ఎక్కడిది, కాబట్టి ఏటా ప్యాకెట్ కొనాల్సిందే.

కడగడం ఒక పెద్ద పని. వేళ్ళు కోసి, కాడని నిలువునా చీల్చి, బేసిన్ నిండా నీళ్ళలో ముంచి పొరలు విప్పి జాడించాలి. కుళాయి కింద పైపైన కడిగితే మట్టి లోపలే ఉంటుంది. రుచి ఉల్లి కంటే మెత్తన, ఘాటు తక్కువ, ఒక రకమైన తీపి. తెల్ల భాగం చక్రాల్లా తరిగి నెయ్యిలో సన్న సెగ మీద మగ్గించి పెసరపప్పులో కలిపితే మా ఇంట్లో గిన్నె ఖాళీ. కోడిగుడ్డు పొరటులో కూడా బావుంటుంది. సెగ పెద్దది పెడితే ఉల్లి కంటే తొందరగా మాడి చేదెక్కుతుంది. ముదురు పచ్చ ఆకులు గట్టిగా ఉంటాయి, వాటిని పారెయ్యకుండా సన్నగా తరిగి వేయించి పండుమిరపకాయలతో పచ్చడి నూరుకోవచ్చు.

కిందటి శివరాత్రి ముందురోజు బుట్టెడు తీసుకొచ్చి వంటింట్లో పెడితే మా అత్తయ్యగారు ఒకటి వాసన చూసి, "ఇది ఉల్లికి ఏమవుతుంది?" అన్నారు. పినతల్లి కూతురు లాంటిదండీ అన్నాను. "అయితే రేపు గుమ్మం దాటనివ్వకు, ఎల్లుండి వండు" అన్నారు. ఉల్లి, వెల్లుల్లి ముట్టని రోజులు పాటించే ఇళ్ళలో దీన్నీ ఆ లెక్కలోనే వేసుకోవాలి. తడి గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం పైనే నిలుస్తుంది, అత్తయ్యగారి ఎల్లుండికి ఢోకా లేదు. కుక్కలు, పిల్లులు ఉన్నవాళ్ళు చెత్త కూడా జాగ్రత్తగా పారెయ్యండి, ఉల్లి జాతి వాటికి విషం.

మార్చి మొదటి వారం దాటాక మిగిలినవి ఎంత చిన్నవైనా తీసెయ్యండి. ఇంకో పది రోజులుంటే ఊరతాయని నేను రెండేళ్ళు ఆశపడ్డాను, ఎండకి లోపల పీచుగట్టి కొయ్యముక్కలయ్యాయి. ఇప్పుడు ఆ మడి ఖాళీ చేసి ఉగాదికి ముందే గోంగూర చల్లేస్తున్నాను, దానికి మన ఎండ లెక్కే లేదు.